ఫిల్టరు వెళ్లి వచ్చిన దారి

ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా సరళమైనది. తెల్లవారుతూనే రాయగడలో బయలుదేరి, సాయంత్రానికి కొరాపుట్‌లో యూనిస్ కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు చేరుకోవడం. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి పదవీ విరమణ పొందిన ప్రసన్న కుమార్, ఒక ముసలి డీజిలు వ్యానులో మంచం, గ్యాసు పొయ్యి, కొట్పాడ్ చేనేత బట్ట తెరలు అమర్చి, అందులో దేశం తిరగాలని ఉవ్విళ్లూరుతున్నాడు. యూనిస్ చెల్లెలూ, అతని భార్యా అయిన జెరూషా పెట్టిన షరతు ఒక్కటే.

"ఈ బండి కొండల ఘాటీ రోడ్డు ఎక్కి, ప్రార్థన మొదలయ్యేలోగా మా అక్క ఇంటి ముందు ఆగితే, మీతో కన్యాకుమారి దాకా వస్తాను. లేదంటే గంగరాజుకి ఇచ్చేయండి. టిఫిన్ బండి చేసుకుంటాడట."

గంగరాజు యూనిస్ పొరుగువాడు. వ్యానులో ఇడ్లీ పాత్ర ఏ మూల పెట్టాలో కూడా అతడు అప్పటికే నిశ్చయించుకున్నాడు.

లక్ష్మీపూర్ సంత దాటుతుండగా వ్యాను గట్టిగా దగ్గి నిలిచిపోయింది. సంత పక్కనే షెడ్డున్న మెకానిక్ మల్లేశు కిందికి దూరి, బురదముద్ద వంటి వస్తువొకటి పట్టుకొని బయటికి వచ్చాడు.

"ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోనాది సార్. ఈ పాత మోడల్‌ది నా కాడ లేదు."

"అయితే రాయగడ షాపులకి ఫోన్ చేద్దాం!"

"ఫోన్లో ఏటి సెప్తారు? శాంపిల్ సూడందే ఏ షాపోడూ ఒప్పుకోడు. బస్సులో అంపించీండి."

ఆ ప్రాంతపు ఆచారం అదే. ఫిల్టరు కండక్టరు చేతికి వెళ్లింది. రాయగడలో జెరూషా స్నేహితురాలు, నర్సు సత్యవేణి, దానిని అందుకొని షాపులన్నీ తిరిగింది. దొరకలేదు. రాయగడలో లేనిది కొరాపుట్‌లో ఉండవచ్చునన్న ఆమె తర్కంలో దోషమేమీ లేదు. యూనిస్‌కు కబురు చేసి, క్షణం వృథా చేయకుండా ఫిల్టరును కొరాపుట్ బస్సు ఎక్కించింది. ఆ బస్సు లక్ష్మీపూర్ మీదుగానే పోవాలి, పోయింది కూడా. తన ఫిల్టరు వచ్చేసిందన్న సంబరంతో ప్రసన్న కుమార్ రోడ్డు మధ్యకు పరిగెత్తి చేతులు ఊపాడు. కండక్టరు మర్యాద తెలిసినవాడు కనుక తానూ చెయ్యి ఊపి సాగిపోయాడు.

జెరూషా అక్కకు ఫోను చేసింది. అవతల యూనిస్ అప్పటికే గంగరాజును షాపులకు తరుముతున్నది.

"మా మరిది బండికి ఫిల్టర్ దొరికేదాకా నువ్వు ఇంటికి రాకు!"

"ఆ బండి నాకొచ్చీదే కదమ్మా? ఇప్పుడు బాగవ్వడం ఎందుకు?"

"ముందు ప్రార్థన. తర్వాత ఇడ్లీ!"

అంతలో సిగ్నలు పోయింది. మధ్యాహ్నం అది మళ్లీ వచ్చి, యూనిస్ నోటి నుంచి "గంగరాజు బస్సులో పంపించాడు" అన్న ముక్క ఒక్కటి చేరగానే తిరిగి పోయింది. ఆ ముక్కే చాలు. ప్రసన్న కుమార్ మల్లేశును కౌగిలించుకున్నాడు.

బస్సు దించిపోయిన కాగితపు పొట్లం మల్లేశు విప్పాడు.

"కొత్తది సార్! తళతళలాడిపోతంది! అచ్చం మనదానికి కవలపిల్లే!"

అది ఇట్టే అమరింది. తాళం తిప్పగానే ఇంజను గర్జించింది. జెరూషా తన ప్రమేయం లేకుండానే చప్పట్లు కొట్టింది. వ్యాను కొండమలుపులన్నీ ఉత్సాహంగా ఎక్కి, మొదటి కీర్తన ఎత్తుకునే ముందు యూనిస్ ఇంటి ముందు ఆగింది.

దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ ప్రసన్న కుమార్ అందరికన్నా ముందు లేచాడు. "తయారీ ఆగిపోయిన మోడలండీ! అయినా ఈ గంగరాజు చేత దేవుడు నాకు కొత్త ఫిల్టర్ దొరికేలా చేశాడు!"

వెనక వరుసలో గంగరాజు నిలబడ్డాడు. "కొత్తదేటి బాబూ? మీదే! దొరకలేదనే తిరిగి అంపించేను. నంబరు కనబడాలంటే మట్టి వదలాలన్నాడు షాపోడు. యూనిసమ్మగారు గూట్లోంచి ఏదో బ్రష్షు తీసిచ్చేరు. డీజిల్లో నానబెట్టి రుద్దేను, టైర్ల షాపులో గాలి కొట్టించేను."

చెప్పడం పూర్తయ్యాక, తన టిఫిన్ బండిని తన చేతులతోనే కన్యాకుమారికి సాగనంపినట్లు అతనికి బోధపడింది.

"అంటే కొన్నప్పటినుంచీ దాన్ని తోమనే లేదన్నమాట," అన్నది జెరూషా నెమ్మదిగా. ప్రసన్న కుమార్ పాటల పుస్తకంలో తలదాచుకున్నాడు. "సరే, మాటంటే మాటే. వస్తాను."

ఆ బ్రష్షు, మరిది పళ్లు తోముకునేందుకు యూనిస్ కొని ఉంచిన నల్లరంగు టూత్‌బ్రష్షు. గంగరాజు దానిని నిజాయితీగా కడిగి తీసిన చోటనే పెట్టినందువల్ల, మర్నాడు ప్రసన్న కుమార్ తిన్న ప్రతి ముద్దా డీజిలు రుచితోనే దిగింది.