ఐదో జాడీ

ఆ రోజు పొద్దున ఎమ్మెల్యే జలపతి రావు చేయవలసిన పనులు మూడే: స్నానం చేయడం, దేవుడికి దండం పెట్టడం, పార్టీ మారడం. మొదటి రెండూ ఏడింటికల్లా అయిపోయాయి. మూడోది పదిన్నరకు, వేములవాడలో ఒక ఫంక్షన్ హాల్లో. అందుకోసం గొడుగు పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు హైదరాబాదు నుంచి స్వయంగా వస్తున్నాడు.

వంటింట్లో భార్య నర్మద మామిడికాయ పచ్చడి జాడీలకు వాసెన కడుతోంది. ఆ ఇంట్లో వాసెన గుడ్డ కోసం పాత చీర చింపే అవసరం ఎన్నడూ రాలేదు. ఆయన వదిలేసిన కండువాలు ఉండనే ఉన్నాయి. జాడీలను వరసగా చూస్తే చాలు, జలపతి రావు రాజకీయ జీవితమంతా తెలిసిపోతుంది. మొదటి జాడీకి తెల్లగుడ్డ. అది ఇండిపెండెంటుగా నిలబడి డిపాజిట్టు పోగొట్టుకున్ననాటిది. రెండోదానికి ఇటుక రంగు. గాలివాటాన గెలిచి, గాలి మళ్లగానే వదిలేసిన పార్టీ. మూడోది చిలకపచ్చ, గెలిచి వదిలేశాడు. నాలుగోది బూడిద రంగు; ఓడి వదిలేశాడు. ఐదో జాడీ ఇంకా మూతి తెరుచుకునే ఉంది.

"ఎట్లైన ఇయ్యాల ఇప్పేటిదే గద, ఇప్పుడే ఇచ్చి పోరాదుండ్రి. జాడీ మీద ఈగలు ముసురుతున్నయ్," అంది నర్మద.

జలపతి రావు మెడలోని బెల్లం రంగు ఇసుర్రాయి పార్టీ కండువా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తీస్కో. ఇగ ఇది నీదే. మల్ల అడుగ."

"ఎన్నడన్న అడిగిండ్లా," అని ఆమె దాన్ని జాడీ మూతికి బిగించి కట్టింది.

ఆయన ఏ పార్టీని వదిలినా నియోజకవర్గ అభివృద్ధి కోసమే వదిలాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల మధ్య ఎటూ కాకుండా ఇరుక్కున్న ఆ నియోజకవర్గం అన్నిసార్లు అభివృద్ధి చెందీ చెందీ అలసిపోయింది. బావులు ఎండాయి. బట్ట నేసే సాంచాలు ఒక్కొక్కటే ఆగి పాత ఇనుప సామాను కొట్టుకు చేరాయి. కాళ్లూ చేతులూ ఆడే మగవాళ్లు మస్కటుకో, దుబాయికో, భివండికో పోయారు. ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఫోన్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఇదంతా జలపతి రావుకు తెలియదని అనలేం. ఆయన ప్రసంగంలో ప్రతిసారీ రెండో పేజీలో ఉండేది. కాకపోతే మొదటి పేజీ దాటి చదివే అలవాటు ఆయనకు లేదు.

ఈసారి అధ్యక్షుడు పెట్టిన షరతు ఒక్కటే. హాలు నిండితే టికెట్టు, నిండకపోతే పక్కన నిలబడి చప్పట్లు. టికెట్టు రాకపోతే పేరుకు ముందు 'మాజీ' అన్న మాట వచ్చి కూర్చుంటుంది. ఆ మాటంటే జలపతి రావుకు ప్రాణభయం. వెనక ఒకసారి ఓడిపోయిన ఐదేళ్లూ, మాజీ ఎమ్మెల్యే అని ఎవరైనా పరిచయం చేస్తారేమోనని చుట్టాల పెళ్లిళ్లకు కూడా పోలేదు.

రెండు రోజుల ముందు పీఏ దివాకర్‌ను పిలిచి సంగతి చెప్పాడు.

"హాలు నింపుటానికి ఊళ్లల్ల మనుషులేరి సార్?" అన్నాడు దివాకర్.

"మనుషులకేం కొదువరా. హన్మండ్లుకు చెప్పు."

హన్మండ్లుది కోరుట్లలో గల్ఫ్ ఏజెంటు ఆఫీసు. వాళ్ల తాత తాటిచెట్లు ఎక్కేవాడు, హన్మండ్లు జనాన్ని విమానాలు ఎక్కిస్తాడు. విమానాలు లేని రోజుల్లో అదే జనాన్ని, లేదా వాళ్ల తల్లుల్ని, మీటింగు బస్సులు ఎక్కిస్తాడు. రెండూ మనుషుల్ని లెక్కపెట్టి పంపే పనే కాబట్టి రెండింటికీ వేరే ఆఫీసు అవసరం లేదనుకున్నాడు.

"ఇసుర్రాయోళ్లకు వాసన తగిలిందంటే నన్ను ఇంట్లనే పెట్టి తాళం ఏస్తరు," అన్నాడు జలపతి రావు. "బస్సులకు జెండ అద్దు. పార్టీ పేరు అద్దు, నా పేరు అద్దు. అద్దానికి మస్కట్ ఇంటర్వ్యూ అని బోర్డు పెట్టుండ్రి. మన దిక్కు గా బోర్డు సూస్తే ఎవనికీ అనుమానం రాదు."

తన నియోజకవర్గం గురించి ఆయన సరిగ్గా చెప్పిన మాట బహుశా అదొక్కటే. కాకపోతే మీటింగు రోజే హన్మండ్లు కోరుట్లలో నిజంగానే మస్కట్ ఇంటర్వ్యూ పెట్టించాడు. దానికీ మీటింగుకూ జనం రుద్రంగిలోనే ఎక్కాలి. మైదానంలో ముందు వరసలో మూడు బస్సులు, అవి వేములవాడకు. వెనక మూడు, అవి కోరుట్లకు. ఆరు బస్సుల అద్దాల మీదా ఒకటే బోర్డు.

ఇంటర్వ్యూ అంటే పడిగాపులు పడి అలవాటైన పోరగాళ్లు తెల్లవారకముందే వచ్చారు. బోర్డు చూశారు, ముందున్న బస్సులు ఎక్కారు. అవి నిండగానే డ్రైవర్లు వేములవాడ తోవ పట్టారు. ఇంట్లో వండి పెట్టి, బీడీ తట్టలు సర్ది, మీటింగుకు రావలసిన ఆడవాళ్లు వెంకటవ్వ అనే ముసలామె వెంట వచ్చేసరికి వెనక బస్సులే మిగిలాయి. వాళ్లు అవి ఎక్కి కోరుట్లకు పోయారు.

వెంకటవ్వ సంచిలో ఒక పూలదండ, గొడుగు పార్టీ వంకాయ రంగు కండువా ఒకటి ఉన్నాయి. కెమెరాలో ముసలవ్వ బాగుంటుందని దివాకర్ ఆమెకు ముందే నేర్పాడు. "పేరు గీరు అడగద్దు అవ్వా. కుర్సీల పెద్దసారు కూసుంటడు. దండెయ్యి, కండువ కప్పు, జై అను. అంతే."

వేములవాడలో మూడు బస్సులు ఆగి, తల దువ్వుకుని ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న కుర్రాళ్లు వరసగా హాల్లోకి వస్తుంటే దివాకర్ నోరు తెరిచాడు. జలపతి రావు కూడా తెరవబోయాడు గాని, పక్కనే అధ్యక్షుడు మురిసిపోతున్నాడని చూసి మూసుకున్నాడు.

"పండు ముసలోళ్లను తోల్కస్తవనుకున్న. అంత కొత్త రక్తమే గదయ్యా," అన్నాడు అధ్యక్షుడు.

"నేనంటే పోరగాండ్లకు పానం సార్," అన్నాడు జలపతి రావు.

దివాకర్ అందరి మెడల్లో వంకాయ రంగు కండువాలు వేసుకుంటూ పోయాడు. రుద్రంగి నవీన్ అనే కుర్రవాడి దగ్గరికి వచ్చేసరికి అతను కండువా పట్టి చూశాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపి, అవి ఆగిపోయాక ఇంటికి వచ్చినవాడు కాబట్టి గుడ్డ పట్టి చూడకుండా ఉండలేడు.

"అన్నా, గీ డ్రెస్సుకు జీతంల కట్ చేస్తరా?"

"ఏం కట్ చెయ్యరు, ఏస్కో," అన్నాడు దివాకర్.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "తమ్ముండ్లారా, జలపతి రావు ఎంబడి నడిచేటందుకు తయారేనా?"

"తయారే సార్," అంది హాలంతా ఒక్క గొంతుతో. జలపతి రావు అనే సారు మస్కట్‌లో ఫోర్‌మన్ అయి ఉంటాడని వాళ్లు అనుకున్నారు. ఎమ్మెల్యే పేరు అదేనని కొందరికి గుర్తు ఉంది గాని, ఆ మనిషిని దగ్గరగా చూసినవాడు ఒక్కడూ లేడు.

టీవీ విలేకరి నవీన్ మూతి దగ్గర మైకు పెట్టాడు. "గీ పార్టీలకు ఎందుకు అచ్చిండ్లు?"

విలేకరి ఏ పార్టీ అన్నాడో నవీన్‌కు పట్టలేదు. అడిగినదానికి సక్కగా చెప్పడమే ఇంటర్వ్యూ అని హన్మండ్లు నేర్పాడు. "ఇంట్ల పూట ఎల్తలేదు సార్."

"ఎన్ని రోజులుంటరు?"

"రెండేండ్లు. మంచిగ సూస్కుంటే ఇంకో రెండేండ్లు. గంతే, వాపస్ అస్త."

రాజకీయాల్లో ఇంత నిజాయితీ ఆ విలేకరి ఎన్నడూ చూడలేదు. కెమెరాను అతని మీద నుంచి తిప్పలేదు. నవీన్ నేరుగా వేదిక ఎక్కి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి, రెండు చేతులతో అధ్యక్షుడికి అందించాడు. పాస్‌పోర్టు కంపెనీ సారు చేతిలో పెడితేనే పని. ఆ దిక్కు పిల్లలందరికీ తెలిసిన పద్ధతి అది. వెనకాలే వరస కట్టి అందరూ ఇచ్చారు. అధ్యక్షుడి ముందు కుప్ప లేచింది.

"ఇయ్యేందయ్యా?" అని గొణిగాడు అధ్యక్షుడు.

తెలియదని ఒప్పుకోవడం జలపతి రావుకు ఏ పార్టీలోనూ అలవాటు కాలేదు. "ఇశ్వాసం సార్. నేను చెప్తే పాస్‌పోర్టులు గూడ పార్టీకి అప్పజెప్తరు. మల్ల ఎటూ పోకుంట."

అధ్యక్షుడి కళ్లు మెరిశాయి. పోయిన ఏడాదే ఆయన పార్టీ నుంచి పదకొండు మంది ఎమ్మెల్యేలు గోడ దూకారు. "గిది బాగున్నది. మరి నీదేది?" అని చెయ్యి చాచాడు.

జలపతి రావు నవ్వాడు. అధ్యక్షుడు నవ్వలేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే హాలు తలుపు దగ్గర గోల లేచింది. మెడలో పూలదండతో, దాని మీద వంకాయ రంగు కండువాతో, చెమటతో తడిసిన టైతో ఒకాయన లోపలికి దూసుకొచ్చాడు. వెనక హన్మండ్లు, ఆ వెనక వెంకటవ్వ, ఆమె వెనక మూడు బస్సుల ఆడవాళ్లు.

ఆయన మస్కట్ కంపెనీ మేనేజరు అన్వర్ సాబ్. కోరుట్లలో కుర్చీలో కూర్చున్న పాపానికి పార్టీలో చేర్చుకోబడ్డాడు. డ్రైవర్లకు ఫోన్లు కొట్టి సంగతి తెలుసుకున్న హన్మండ్లు, సాయంత్రం విమానం ఉన్న మనిషిని బతిమాలి వేములవాడకు పట్టుకొచ్చాడు.

"నా క్యాండిడేట్లు ఏడున్నరు?" అన్నాడు అన్వర్ సాబ్. "పొద్దుగాల కెల్లి గీ అమ్మలు నాకు జై కొడుతున్నరు. నీకేం పనొస్తది అంటే, జిందాబాద్ కొట్టొస్తది అంటున్నరు. నాకు మేస్త్రీలు కావాలె."

"గీ సారే పెద్దసారు అనుకున్నం బిడ్డా," అంది వెంకటవ్వ. "పేరడగద్దంటిరి. అడగలే."

అన్వర్ సాబ్‌కు వినే ఓపిక లేదు. అధ్యక్షుడు మైకు దగ్గర ఉండటంతో ఖాళీగా ఉన్న ఆయన కుర్చీలోనే కూర్చుని, కాగితాలు ముందేసుకుని పని మొదలుపెట్టాడు. కుర్చీ ఎదురుగా జలపతి రావు నిలబడి ఉన్నాడు. అధ్యక్షుడి చేత కప్పించుకుందామని ఖాళీ మెడ వంచుకుని అరగంట నుంచీ ఎదురుచూస్తున్నాడాయె. తల వంచుకున్నవాణ్ణి చూసి క్యాండిడేటే అనుకున్నాడు అన్వర్ సాబ్.

"ఏం పని చేస్తవ్?"

"ఎమ్మెల్యే," అన్నాడు జలపతి రావు. అడిగితే అలవాటుగా వచ్చే మాట.

"ఎక్స్‌పీరియెన్స్?"

"అయిదు ఎలక్షన్లు. మూడు గెలిచిన."

"కంపెనీలు ఎన్ని మారినవ్?"

ఆ మనిషి ఎవరో నవీన్‌కు అప్పుడు అర్థమైంది. "ఐదోదాంట్ల ఉండె సార్," అన్నాడు. "ఇయ్యాల ఆరోదానికి అచ్చినట్టున్నడు."

"కాంట్రాక్ట్ పూర్తి చేసిండా?"

"ఒక్కటి గూడ చెయ్యలే. గెలిసినంక మధ్యలనే ఇడిసి పోతడు."

అన్వర్ సాబ్ తలెత్తి జలపతి రావును పైనుంచి కింది దాకా చూశాడు. "ఖల్లివెల్లిగాడు. రిజెక్ట్. నెక్స్ట్."

కంపెనీ వదిలి పారిపోయి దొంగచాటుగా తిరిగేవాణ్ణి గల్ఫ్‌లో అలాగే అంటారు. ఆ మాట అర్థం కాని ఇల్లు ఆ దిక్కున లేదు. ముందు పోరగాళ్లు నవ్వారు, తర్వాత ఆడవాళ్లు, ఆపుకోలేక కెమెరా పట్టుకున్నవాడు కూడా.

నవీన్ నవ్వలేదు. "మా బాపు గట్లనే కంపెనీ మారిండని ఏడు నెలలు జైల్ల ఏసిండ్లు సార్. జీతం ఇయ్యకపోతే మారిండు. ఈడ మీరు మారితే మంత్రి పదవి అడుగుతరు."

ఇదంతా ఇంటింటా టీవీలో వస్తోంది. జలపతి రావు ప్రసంగం రెండో పేజీ కోసం జేబులో వెతుక్కున్నాడు.

అధ్యక్షుడు మాత్రం ఆ గొడవ మీద మనసు పెట్టలేదు. ఆయనకు లెక్కలు కావాలి. "గీ పోరగాండ్లను తెచ్చింది ఎవలు?" అని దివాకర్‌ను అడిగాడు.

"హన్మండ్లు సార్."

"గా ఆడోళ్లను?"

"హన్మండ్లే."

"అవ్వా, నువ్వు ఓటు ఎవలు చెప్తే ఏస్తవ్?"

వెంకటవ్వ ఆలోచించనే లేదు. "నా కొడుకును పంపింది హన్మండ్లు. ఆడ జొరమొస్తే ఫోన్ గలిపిచ్చింది హన్మండ్లు. గాయినే అన్నడని ఇయ్యాల గూడ అచ్చిన. మీ రావు సారును గిట్ల దగ్గరకెల్లి సూసుడు ఇదే మొదలు."

అధ్యక్షుడు జలపతి రావు కోసం తెచ్చిన జరీ అంచు కండువాను పళ్లెంలోంచి తీశాడు. జలపతి రావు మెడ ఇంకాస్త వంచాడు. కండువా ఆయన తల మీదుగా పోయి వెనకున్న హన్మండ్లు మెడలో పడింది.

"నాకెందుకు సార్ గివన్ని," అన్నాడు హన్మండ్లు, బాగా పడేలా మెడ సర్దుకుంటూ.

టికెట్టు అక్కడే ప్రకటించేశారు. అన్వర్ సాబ్ విమానం తప్పిపోకుండా నవీన్‌ను, మరికొందరిని ఎంపిక చేసి, వాళ్ల పాస్‌పోర్టుల కుప్ప కారులో వేసుకుని పోయాడు.

జలపతి రావు ఇల్లు చేరేసరికి ఇసుర్రాయి పార్టీ ఆయన్ను తీసేసినట్టు టీవీలో కింద వరసలో వస్తోంది. ఇప్పటికైనా పోయి వాళ్ల కాళ్లు పట్టుకుంటే చోటు దక్కవచ్చునని ఆయన ఆశ. నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"నర్మదా, పొద్దుగాల ఇచ్చిన కండువ జెర ఇప్పి ఇయ్యి."

నర్మద జాడీ వంక చూపించింది. బెల్లం రంగు కండువా నిండా కారం నూనె దిగి, ఇసుర్రాయి బొమ్మ ఎర్రగా కనిపిస్తోంది.

"ఇప్పితే పచ్చడి పాడైతది," అంది ఆమె. "మల్ల అడుగ అంటిరి గద."

ఆయన పీట మీద కూలబడ్డాడు. మెడ చేత్తో తడుముకున్నాడు. ఇరవై ఏళ్లలో దాని మీద ఏ గుడ్డా లేకపోవడం అదే మొదలు. ఏడుపు వచ్చింది గాని, తుడుచుకోవడానికి కండువా లేదు.

ఎన్నికల్లో హన్మండ్లు గెలిచాడు. నాలుగో నెలలోనే నియోజకవర్గ అభివృద్ధి కోసం ఇసుర్రాయి పార్టీలో చేరడానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. ఎమ్మెల్యే అయినవాడు జనాన్ని తోలుకొచ్చే పని చేస్తే బాగుండదు కాబట్టి, అనుభవం ఉన్నవాడని ఆ పని మాజీ ఎమ్మెల్యే జలపతి రావుకు అప్పగించాడు. పార్టీలో చోటు దొరుకుతుందన్న ఆశతో ఆయన ఒప్పుకున్నాడు. మిగిలిన పోరగాళ్లు అప్పటికే విమానాలు ఎక్కారు, ఆయన మాట మీద బీడీ తట్ట వదిలి వచ్చే ఆడవాళ్లు లేరు.

మూడు బస్సులు వెంటేసుకుని రుద్రంగి నుంచి గొల్లపల్లి దాకా ఊరూరా తిరిగి, ఖాళీ సీట్లతో తిరిగి వచ్చిన రోజున, ఊళ్లలో మనుషులు లేరని జలపతి రావు మొదటిసారి గమనించాడు.