వేటకెళ్ళిన నాటుకోడి

ఆ ఉదయం మంగరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడిపుంజును సంచిలో పెట్టుకుని అడవిలోకి వెళ్ళాలి. దాన్ని వదలాలి. మళ్ళీ పట్టుకోవాలి. ఎండ ముదరకముందే ఇంటికి రావాలి.

అనంతగిరి కొండల మీదున్న కొర్రగూడెంలో విత్తనాలు చల్లే ముందు చేసే ఇటుకల పండుగకు మగవాళ్ళంతా వేటకు వెళ్ళడం ఆచారం. తెచ్చిన వేట నెత్తురు విత్తనాలకు ఒక చుక్క తగిలించి, ఆ విత్తనాలే ఆ ఏడు మొదట చల్లుతారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. మొగుడని చూడరు, మామగారని చూడరు. అది తాతలనాటి కట్టుబాటు. అడవిలో ఏ జీవినీ చంపకూడదన్నది సర్కారు చట్టం. ఈ రెండింటి మధ్యా మంగరాజు ఇరుక్కున్నాడు. అతను ఆ గూడెంవాడే, పైగా అటవీశాఖలో టెంపరరీ వాచరు. వేటకు వెళ్ళాల్సిందీ అతనే, వేటను ఆపాల్సిందీ అతనే.

కొన్నేళ్ళ కిందట దీనికి అతనే ఒక దారి కనిపెట్టాడు. సంతలో నాటుకోడిపుంజును కొని, అడవిలో వదిలి, బాణాలూ బల్లేలతో తరిమి పట్టుకోవడం. పెద్దలు మొదట మూతి ముడిచారు.

"అమ్మోరికి తెలీదేటిరా, అది సంతకోడని?" అని అడిగాడు సుక్రు. మంగరాజుకు చిన్నాన్న వరస అతను. ఒకప్పుడు గూడెంలో పెద్ద వేటగాడు.

"తెలుసు సిన్నాన్నా. సట్టం సంగతి కూడా అమ్మోరికి తెలుసు," అన్నాడు మంగరాజు.

అలా అందరూ సర్దుకున్నారు, అమ్మవారితో సహా.

ఈ ఏడు మాత్రం కొత్త సెక్షన్ ఆఫీసరు వచ్చాడు. పేరు లక్ష్మీప్రసాద్. పార్వతీపురం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. అడవి కన్నా అడవి గురించిన నిబంధనలంటే ఎక్కువ ప్రేమ. పండుగ ముందురోజు గూడెం బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి అవగాహన సదస్సు పెట్టాడు.

"తుపాకీ నేరం. ఉచ్చు నేరం. కరెంటు తీగ నేరం. నిప్పు పెట్టడం నేరం. సరదాకి వేటాడినా, ఆకలికి వేటాడినా, మొక్కుకి వేటాడినా జైలే. అర్థమైందా?"

"మరి మాం కోడినే కదా సార్, పట్టుకుంటాం..." అన్నాడు మంగరాజు లేచి నిలబడి.

"అడవికోడి కూడా నేరమే!"

"అడివికోడి కాదు సార్, మాది..."

అప్పుడు లక్ష్మీప్రసాద్ ఫోను మోగింది. భార్య స్వర్ణ. ఆమె తమ్ముడు రవిబాబు విశాఖపట్నంలో అపార్టుమెంట్లు కట్టి అమ్ముతాడు. కుటుంబంతో అరకు వచ్చి రిసార్టులో దిగాడు. విదేశాల్లో జనం సెలవురోజున అడవికెళ్ళి సరదాగా వేటాడే వీడియోలు చూసీ చూసీ అతనికి మనసు లాగుతోంది.

"వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కదండీ," అంది స్వర్ణ.

"స్వర్ణా, నేనిక్కడ చెబుతున్నదే అది చేయకూడదని!"

"చూడ్డానికేనట. చూస్తే కూడా కేసేనా?"

లక్ష్మీప్రసాద్ కాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి, "మంగరాజూ, రేపు మా బావమరిదిని అడవిలో కాస్త తిప్పి తీసుకురా. చూపించడం వరకే," అన్నాడు. కోడి సంగతి సగంలోనే ఆగిపోయింది.

పండుగనాడు పొద్దున్నే మంగరాజు భార్య గంగ గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది. "ఇదిగో, ఒట్టి సేతుల్తో వచ్చినావంటే ఊరుకోను. పేడ కలిపేసినాం. బేగి ఎల్లి బేగి రా."

రవిబాబు వాగు దగ్గర కారు దిగి నడిచొచ్చేసరికి గూడెం కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి. ఒంటి మీద కళ్ళు జిగేల్‌మనే నారింజరంగు జాకెట్, భుజాన పొడవాటి సంచి. బాణాలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళను చూసి అతను ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"వేటలో ముఖ్యమైంది సేఫ్టీ. ఫారిన్‌లో ఈ జాకెట్ లేకపోతే అడవిలోకే రానివ్వరు. ఏది కదిలితే దాన్ని కాల్చకూడదు, ముందు అదేంటో చూసుకోవాలి. తోటి మనిషి జంతువనుకుని మనల్ని కాల్చేయకుండా ఈ రంగు."

"ఇక్కడ తుపాకీ ఎవులి కాడా లేదు కదా బాబూ," అన్నాడు సుక్రు. "మరి నిన్ను కాలిసీదెవులు?"

రవిబాబు నవ్వేశాడు. అడవిలో కొంత దూరం వెళ్ళాక పొడవాటి సంచి జిప్పు తీశాడు. లోపల ఎయిర్‌గన్ ఉంది. మంగరాజు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, అది కూడదు. నా ఉద్యోగం పోతాది."

"ఇది తుపాకీ కాదయ్యా, గాలి. బావకి చెప్పానులే."

చెప్పలేదు. అయినా ఆఫీసరు బావమరిది చేతిలోంచి గాలిని లాక్కునే అధికారం టెంపరరీ వాచరుకు లేదు.

కోడిని వదిలారు. ఇంతకుముందు కోళ్ళు నాలుగడుగులు వేసి, బెదిరి, పొద పక్కన నక్కేవి. కాళ్ళు కట్టించుకుని సంతలో పడివున్న ఈ పుంజుకు మాత్రం ఒక్కసారిగా అడవి నచ్చేసింది. రెక్కలు విదిల్చి, పొదల మీదుగా ఎగిరి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్యకు మాయమైపోయింది. మగవాళ్ళు కేకలు వేస్తూ నలువైపులకూ పరిగెత్తారు. పేడనీళ్ళు అందరి కళ్ళ ముందూ కదిలాయి.

"అటుపక్క పొదలోకి దూరింది సిన్నాన్నా!" అని అరిచాడు మంగరాజు. సుక్రు వంగి, చేతులతో పొద విడదీసుకుంటూ లోపలికి పాకాడు. పొద కదిలింది. అవతల గట్టు మీద నిలబడ్డ రవిబాబు అదేంటో చూసుకోలేదు. కాల్చాడు.

గుండు సుక్రు పిక్కలో దిగింది. అతను కెవ్వుమని ముందుకు పడ్డాడు. పడ్డది సరిగ్గా పుంజు మీద. పుంజు అక్కడికక్కడే ప్రాణం వదిలింది.

"కోడి దొరికీసింది!" అని గెంతాడు మంగరాజు.

"ముందు నా కాలు సూడరా, ఎదవా!" అని మూలిగాడు సుక్రు.

రవిబాబు పరుగున వచ్చాడు. సుక్రును దాటుకుని పుంజును కాళ్ళు పట్టి పైకెత్తాడు. రెండో చేత్తో ఫొటో తీశాడు. ఫొటోలో అతని ముఖం పడలేదు. నారింజరంగు చేతి కింద వేలాడుతున్న పుంజు, వెనక బల్లేలతో గూడెం మగవాళ్ళు, వాళ్ళ మధ్య కాలు పట్టుకుని సుక్రు పడ్డారు. 'అరకులో నా మొదటి వేట, అడవికోడి' అని రాసి మిత్రులకు పంపించేశాడు.

"అది నాటుకోడి బాబూ. మాం సంతలో కొన్నది," అన్నాడు మంగరాజు.

"ఊరుకోవయ్యా, ఇంత అందంగా ఉంటే నాటుకోడంటావేంటి?"

ఫొటో ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పోయేకొద్దీ ఒళ్ళు చేసింది. మొదట ఒక కోడి, తర్వాత కోళ్ళు, ఆ తర్వాత సామూహిక వేట. చివరకు జంతుప్రేమికుల గుంపులో వేటగాళ్ళ ముఠాగా తేలి, అక్కడి నుంచి నేరుగా జిల్లా అటవీ అధికారి డీఎఫ్‌ఓ ఫోనులో దిగింది. ఆయన ఆరోజు తనిఖీకని ఘాట్ రోడ్డులోనే ఉన్నాడు.

"లక్ష్మీప్రసాద్, మీ సెక్షన్‌లో ఏం జరుగుతోంది?" అన్నాడు ఫోనులో. "భోజనం వేళకి గెస్ట్‌హౌస్‌కొస్తాను. ఆ కోడి, ఆ నారింజరంగు జాకెట్‌వాడు, ఇద్దరూ నా ముందుండాలి."

లక్ష్మీప్రసాద్ జీపు వాగు దగ్గర వదిలేసి, రొప్పుకుంటూ కొండెక్కాడు. జాకెట్‌ను చూశాడు. జాకెట్‌లో ఉన్న మనిషిని చూశాడు. ఇంట్లో ఉన్న స్వర్ణ కళ్ళ ముందు మెదిలింది. కాసేపు నెత్తి పట్టుకుని కూర్చుని, తర్వాత లేచి, ఎయిర్‌గన్‌ను పొదలోకి తోసేసి, బావమరిది ఒంటి మీది జాకెట్ విప్పి మంగరాజు చేతికిచ్చాడు.

"వేసుకో మంగరాజూ. కొండగాలి, చలి చేస్తుంది."

చైత్రమాసపు ఎండకు రాళ్ళు కాలుతున్నాయి. అయినా అన్నేళ్ళ ఉద్యోగంలో మంగరాజుకు శాఖ ఒక టోపీ కూడా ఇవ్వలేదు. "ఎందుకు సార్ నాకింత మంచిది," అంటూ మొహమాటపడుతూ వేసుకున్నాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు.

"నువ్వు ఆస్పత్రికెళ్ళి ముల్లు గుచ్చుకుందని చెప్పు," అన్నాడు లక్ష్మీప్రసాద్ సుక్రుతో.

"ముల్లులో సీసముంటాదేటి బాబూ?"

ఇద్దరు మగవాళ్ళు సుక్రును మోసుకుని అడ్డదారిన ఆస్పత్రికి బయలుదేరారు. కోడిని సాక్ష్యంగా సంచిలో పెట్టి, మోయడానికి మంగరాజుకే ఇచ్చారు.

వాగుకు వెళ్ళాలంటే గూడెం మధ్య నుంచే దారి. ఆడవాళ్ళు బకెట్లతో కాచుకుని ఉన్నారు. అడవిలోంచి మొదట వచ్చింది లక్ష్మీప్రసాద్, ఒట్టి చేతులతో. వెనకే రవిబాబు, ఒట్టి చేతులతో. ఆచారంలో ఆఫీసర్లకు మినహాయింపు ఉన్నట్టు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. గంగ బకెట్ ఎత్తింది. ఖాకీ చొక్కా, నక్షత్రాలు, విజిల్ తాడు అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. రవిబాబు వంతు వచ్చేసరికి మిగతా ఆడవాళ్ళు కూడా చేయి కలిపారు. ఈలలు, పాటలు, నవ్వులు.

చివర్న మంగరాజు సంచిలోంచి కోడిని పైకి తీసి చూపించాడు.

"ఓలమ్మా, మాయన తెచ్చినాడే!" అని గంగ మురిసిపోయింది. జాకెట్‌ను చేత్తో తడిమి చూసింది. తర్వాత విత్తనాల సామలూ చోళ్ళూ ఉన్న చేట తీసుకుని ముందుకొచ్చింది. "బాబూ, ఒక్క సుక్క నెత్తురు ఇత్తనాలకి తగలనియ్యి. ఆనక నువ్వే అట్టుకుపో."

లక్ష్మీప్రసాద్ కళ్ళ మీది పేడ తుడుచుకున్నాడు. "సాక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. విధి నిర్వహణలో ఉన్న అధికారి మీద దాడి చేశారు, నీ పేరేంటి?"

గంగ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కోడితో పాటు జీపు ఎక్కుతుంటేగాని, తాను వెళ్తున్నది వాచరుగా కాదు, నేరస్థుడిగా అని మంగరాజుకు తట్టలేదు.

గెస్ట్‌హౌస్ చేరగానే లక్ష్మీప్రసాద్ స్నానాల గదిలోకి పరిగెత్తుతూ, సంచిని వంటమనిషి అప్పలస్వామి చేతిలో పడేశాడు. "పెద్దసారు వస్తున్నారు. కోడి సంగతి చూడు!"

గెస్ట్‌హౌస్‌లో ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్న అప్పలస్వామికి ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు.

డీఎఫ్‌ఓ వచ్చాడు. వరండాలో నారింజరంగు జాకెట్‌లో చెమటలు కారుస్తూ నిలబడ్డ మంగరాజును ఎగాదిగా చూశాడు. "మన శాఖ జీతం తింటూ వేటాడతావా? భోజనమయ్యాక నీ పని చెబుతా." లోపలికెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. పేడ కడుక్కుని వచ్చి లక్ష్మీప్రసాద్ పక్కన, రవిబాబు ఎదురుగా కూర్చున్నారు. కూర బాగా కుదిరింది. డీఎఫ్‌ఓ రెండోసారి వడ్డించుకున్నాడు, ఎముక వదల్లేదు.

చేయి కడుక్కుని, "ఇక ఆ అడవికోడిని తీసుకురండి. పశువుల డాక్టరు చేత చూపించి కేసు కడదాం," అన్నాడు.

అప్పలస్వామి తువ్వాలు అందించబోతూ ఆగాడు. "ఏ కోడి సార్? వచ్చింది ఒక్కటే కదండీ. ఇందాక తిన్నారు."

డీఎఫ్‌ఓ తాను తిన్న విస్తరాకు వంక చూశాడు. ఆకులో చట్టప్రకారం రక్షించదగినదేమీ మిగల్లేదు.

"లక్ష్మీప్రసాద్," అన్నాడు చివరికి చాలా నెమ్మదిగా, "అది అడవికోడి అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్! చూస్తేనే తెలుస్తోంది సార్, నాటుకోడి."

"రుచే చెబుతోంది," అన్నాడు రవిబాబు.

వరండాలోంచి మంగరాజు తల లోపలికి పెట్టాడు. "పొద్దున్నించీ అదే కదా సార్ సెప్తన్నాను!"

ఆ మాటతో అందరికీ వాడున్నాడని గుర్తొచ్చింది. కోడి నాటుదైతే వేట లేదు, వేట లేకపోతే కేసు లేదు. సుక్రు పిక్కలో దిగింది అధికారికంగా ముల్లే. పేడనీళ్ళ కేసు పెడితే ఆఫీసరు పండుగనాడు గూడెంలోకి ఎవరితో, ఎందుకు వెళ్ళాడో రాయాలి కాబట్టి అదీ లేదు. కానీ ఫొటో ఊరంతా తిరుగుతోంది. శాఖ ఏదో ఒకటి చేసినట్టు కనబడాలి. డీఎఫ్‌ఓ పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఆలోచించాడు.

"రిజర్వు అడవిలో పెంపుడు కోడిని వదిలాడు. అడవిపక్షులకు రోగాలు అంటుకోవచ్చు. బాధ్యత గల వాచరు చేసే పనేనా? రేపటి నుంచి రావద్దని చెప్పు."

లక్ష్మీప్రసాద్ వరండాలోకి వచ్చి, మంగరాజు ముఖంలోకి చూడకుండా చెప్పాడు. చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు.

"ఆ జాకెట్ ఇచ్చేయ్. ఖరీదైంది, మావాడిది."

మంగరాజు విప్పి, దులిపి, మడతపెట్టి ఇచ్చాడు. కొర్రగూడేనికి నడిచే వెళ్ళాడు. ఊరి మొదట్లో గంగ కూర్చుని ఉంది, పక్కన ఒక బకెట్ ఇంకా నిండుగానే ఉంది. అతను ఒట్టి చేతులతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కట్టుబాటు కట్టుబాటే. తల వంచాడు.

గంగ అతని వంక చాలాసేపు చూసింది. లేచి, బకెట్ తీసుకెళ్ళి బీరపాదు మొదట్లో పోసేసింది.

"రా. అంబలి తాగుదువు," అంది.

ఆ ఏడు కొర్రగూడెంలో విత్తనాలు నెత్తురు చుక్క లేకుండానే చల్లారు. సుక్రు గట్టు మీద కూర్చుని, కాలు చాపుకుని, అమ్మవారికి ఎవరు ఏం చెప్పుకోవాలో గొణుక్కున్నాడు. వానలు ఆలస్యంగా వచ్చాయి. వానలు కొండ కింద కూడా ఆలస్యంగానే వచ్చాయని మంగరాజు అన్నాడుగాని ఎవరూ వినలేదు. అతను కూలికని కాఫీతోటల్లో చేరాడు.

ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక, తన సెక్షన్‌లో ఆ ఏడాది ఒక్క వేట కేసు కూడా నమోదు కానందుకు లక్ష్మీప్రసాద్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు.