ఎంటర్ నొక్కితే పోయేదానికి

పొద్దున్నే కంప్యూటర్లో కొత్త లేబుల్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించి, మొక్కల లేబుళ్ళన్నీ ముద్రించి, మధ్యాహ్నానికి ముందే పెట్టెలో సర్దేయాలని ఆవిడ అనుకుంది. ఆ సాయంత్రమే పూలమొక్కల ప్రదర్శన. లేబుళ్ళు నచ్చితే ఏడాది పొడవునా తన పని ఈ దుకాణానికే ఇస్తానని నర్సరీ యజమాని మాటిచ్చాడు. నచ్చకపోతే ఎదురుగానే ఇంకో దుకాణం ఉందని కూడా గుర్తుచేశాడు. ఆవిడ ఈ ప్రింటింగు దుకాణం పెట్టి నెల కాలేదు. అందుకే కాఫీ కూడా నిలబడే తాగింది.

ఆవిడ భర్త తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. కొత్త గడియారం కొన్నా సరే, దాన్ని ఒకసారి ఆపి, తన చేత్తో ముళ్ళు తిప్పితేగాని గోడకు తగిలించడు.

దుకాణంలోని కంప్యూటరు ముందు ఆయనే కూర్చున్నాడు. అది పాతది. అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. ప్యాకేజీ సగం ఎక్కాక ఆగి, సెట్టింగులు నేనే చూసుకోనా, మీరు చెబుతారా అని అడిగింది.

"ఎంటర్ నొక్కండి. అదే చూసుకుంటుంది," అంది ఆవిడ.

"మన దుకాణంలో చూసుకోవడానికి అదెవరే?" అని ఆయన రెండోది ఎంచుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. కాగితం వెడల్పు ఎంత అంది. ఆయన టేపు తెచ్చి లేబుళ్ళ చుట్టను కొలిచాడు. టేపు మీద నమ్మకం చాలక స్కేలుతో మళ్ళీ కొలిచాడు. అంచుల్లో ఎంత ఖాళీ వదలాలి అంది. "డబ్బిచ్చి కొన్న కాగితం ఖాళీగా వదలడమేంటి, దుబారా!" అని సున్నా కొట్టాడు. ఈ ప్రింటరును చుట్టుపక్కలవాళ్ళు వాడుకోవచ్చా అంది.

"వాడుకోనీ. నలుగురితో మంచిగా ఉండాలి," అన్నాడు.

"ఎవరండీ ఆ నలుగురు?"

"ఎవరో ఒకరు. ఊరికే మర్యాదకి అడుగుతుందే అది!"

ఆ నలుగురూ పైఅంతస్తులోనే ఉన్నారు. అక్కడ పళ్ళ డాక్టరు ఆసుపత్రి. పైకీ కిందకీ ఇంటర్నెట్ ఒక్కటే. డాక్టరు కంప్యూటరుకు కొత్త ప్రింటరు కనబడితే చాలు, అది తనదే అనుకునే గుణం ఉంది.

మొదటి లేబుల్ అంచులు తెగి వచ్చింది. మొక్క పేరు సగమే పడింది. రెండోది ఇంకా విడ్డూరంగా ఉంది.

"ఏమండీ, 'ఎడమ దవడతో నమలకూడదు' అనుంది. గులాబీకి దవడెక్కడిది?"

"నర్సరీవాళ్ళు రాయించుకున్నారేమో. మనకెందుకు, ముద్రించు."

ఇంతలో పైనుంచి నర్సు దబదబా మెట్లు దిగి వచ్చింది. "అమ్మా, మా చీటీలు మీ దగ్గరికొస్తున్నాయా? పైన ఒక్కటీ రావట్లేదు, పేషెంట్లు నన్ను తినేస్తున్నారు!" అంటూ ప్రింటరు ముందు పడ్డవన్నీ గుప్పిట్లోకి తీసుకుని, ఆవిడ ఆగమనేలోపే పైకెళ్ళిపోయింది.

కాసేపటికి ఒక బస్సు డ్రైవరు బుగ్గ పట్టుకుని కిందికి దిగాడు. చేతిలో లేబుల్ ఉంది.

"పన్ను పీకారు, సరే. వారానికోసారి గుప్పెడు పేడ ఎరువు వేయాలట. నోట్లోనేనా?"

ఆయన లేబుల్ తీసుకుని చదివి, "అక్షరాలు మాత్రం బాగా పడ్డాయి," అన్నాడు.

డ్రైవరును మళ్ళీ పైకి పంపి, ఆవిడ కొంగు బిగించింది. "లేవండి కుర్చీలోంచి!" ప్యాకేజీని తీసిపారేసి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించింది. అది ఏమడిగినా చదవలేదు. ఎంటర్, ఎంటర్, ఎంటర్.

ప్రింటరు గుర్రుమని మళ్ళీ అంచులు తెగిన గులాబీనే ఇచ్చింది. దాని వెనకాలే, రోజూ రెండుసార్లు ఉప్పునీళ్ళు పుక్కిలించమంది.

"అన్నిటికీ ఎంటరే నొక్కానండీ! అయినా మీ మాటే వింటుందేం?" అంటూ ఆవిడ కూలబడింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ప్యాకేజీని ఇంకోసారి ఎక్కిస్తూ తెరమీద ప్రతి వాక్యమూ చదివాడు. సంగతి అప్పుడు బయటపడింది. ప్యాకేజీ పోయినా ఆయన చెప్పిన జవాబులు కంప్యూటర్లో అలాగే ఉండిపోయాయి. పాత సెట్టింగులు ఉంచాలా, ప్యాకేజీ తయారుచేసినవాళ్ళవి పెట్టాలా అని అది అడుగుతోంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే పాతవే ఉంటాయి. ఆవిడ నొక్కిన ప్రతి ఎంటరూ ఆయన మాటకే వంత పాడింది.

"అంటే నా సెట్టింగులు వద్దని నేనే చెప్పాలన్నమాట," అన్నాడాయన.

బయట నర్సరీ వ్యాను హారను మోగింది.

"చెప్పండి మరి!"

"అంచుల సంగతి ఒక్కటీ నాది ఉంచి..."

"ఏమండీ!"

ఆయన కళ్ళు మూసుకుని, తయారుచేసినవాళ్ళవే పెట్టమని నొక్కాడు. గులాబీ నిండుగా, నిటారుగా వచ్చింది. దాని వెంట మందారం వచ్చింది. దవడల ఊసు లేదు. నర్సరీ యజమాని లోపలికొచ్చి కౌంటరు దగ్గరే నిలబడి, ఆఖరి లేబుల్ పడేదాకా వేలితో బల్లను కొడుతూనే ఉన్నాడు.

ఒకటి వెలుతురులో పెట్టి చూశాడు. మొహం విప్పారింది. "ఎంత బాగా కుదిరాయండీ! ఇకనుంచి మా పనంతా మీకే. ఇంతకీ సెట్టింగులు ఎవరు చేశారు?"

"నేనే, స్వయంగా," అన్నాడాయన.

అందులో అబద్ధమేమీ దొరకక ఆవిడ పెట్టెకు మూత వేసింది.