కళ్ళజోళ్ళాయన కొన్న ప్లగ్గు

ఆ పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంజను సైకిలెక్కి తన కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనానికి దాని మీదే ఇంటికి రావాలి. వీధి మలుపు తిరుగుతున్నప్పుడే ఆ చప్పుడు భార్య చెవిన పడాలి. అంతే.

మామూలు సైకిలు చట్రంలో చెంబంత ఇంజను ఇరికించి, దాని పైన చిన్న పెట్రోలు డబ్బా బిగించుకున్నాడతను. షాపు దారిలో ఒక ఎత్తుంది. మోకాళ్ళు అరిగాక ఆ ఎత్తు అతనికి గోడలా కనిపించేది. ఇంజను వచ్చాకే మళ్ళీ రోడ్డయింది. ఆ కృతజ్ఞతతో పెట్రోల్లో కలిపే నూనె ప్రతిసారీ ఒక మూత ఎక్కువే పోసేవాడు. తల్లి బిడ్డకు నెయ్యి వేసినట్టు.

ఆ పొద్దున గేటు ముందు ఎంత తొక్కినా ఇంజను దగ్గింది, తుమ్మింది, ఊరుకుంది.

"మళ్ళీ మొదలా?" అంది భార్య గుమ్మంలోంచి.

"నిప్పురవ్వ రావట్లేదు, ప్లగ్గు మసిబారిందే. మారిస్తే గుర్రంలా పోతుంది."

"పోయిన వారం తీగ అన్నారు. అంతకు ముందు గాలి రావట్లేదన్నారు. వరండాలో నూనె మరకలు ఎవరు తుడుస్తున్నారు, మీరా, మీ గుర్రమా? పాత ఇనుప సామాన్లవాణ్ణి సాయంత్రం ఐదింటికి రమ్మన్నాను. ఆలోపల నడిస్తే అది మీది. నడవకపోతే వాడిది."

ఆవిడ మాటంటే రాతి మీద గీతే. అతను ప్లగ్గు ఊడదీసి, అద్దాలు తుడిచే గుడ్డలో చుట్టి, కళ్ళజోడు డబ్బాలో పెట్టుకొని నడిచి బయల్దేరాడు.

సైకిళ్ళ షాపువాడు డబ్బాలోకి తొంగి చూశాడు. "సార్, సైకిలుకి చైను అడగండి, సీటు అడగండి, బెల్లు అడగండి. ప్లగ్గు ఇస్తే ఎక్కడ పెట్టుకుంటారు?"

మోటారు సామాన్ల షాపులో ఇంకా నయం. "ఏ బండి?" అన్నారు. "సైకిలు" అన్నాడు. "మోటారు సైకిలా?" "కాదు, ఉత్త సైకిలే." షాపువాడు లోపలికి తిరిగి, "అన్నా, ఇది విన్నావా? సైకిలుకి ప్లగ్గంట!" అని కేకేశాడు. లోపల్నుంచి ముగ్గురు మనుషుల నవ్వు వచ్చింది.

మూడో షాపు మెట్లెక్కేసరికి అతనికి నిజం మీద నమ్మకం పోయింది. "దేనికి సార్?" అని అడిగితే, మోచేతి మీద రాత్రి దోమ కుట్టినచోట గోక్కుంటూ, "దోమల మందు కొట్టే మిషనుకి" అనేశాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ షాపువాడు పాత ప్లగ్గును మర్యాదగా చేతిలోకి తీసుకొని, కొత్తదాని పక్కన నిలబెట్టి, మర పొడవు సరిచూశాడు. "పొడుగుది వేస్తే లోపల పిస్టనుకి తగులుతుంది. ఈ కొలత సరిపోయింది. ఇక వేడి సంగతి. దీనికి మసి బాగా పట్టింది. వేడి కాస్త నిలుపుకొనే ప్లగ్గయితే మసిని అదే కాల్చేసుకుంటుంది. ఒక మెట్టు పైది ఇస్తాను."

"ఆపైన లేవా?"

"ఉన్నాయండీ, ఇంకో నాలుగు మెట్లున్నాయి. కానీ..."

కళ్ళజోళ్ళ షాపుకు రోజూ ఎవరో ఒకరు వచ్చి, "పవరు కాస్త ఎక్కువే వెయ్యండి, నాలుగు కాలాలు వస్తాయి" అంటారు. ఎక్కువైంది కాదు, సరిపోయిందే మంచిదని అతను వాళ్ళకు ఓపిగ్గా చెబుతాడు. వాళ్ళు మెట్లు దిగాక నవ్వుకుంటాడు కూడా.

"అన్నిటికన్నా పైది ఇవ్వండి," అన్నాడు.

"అంత వేడిదైతే మిషను ఆగనంటుంది సార్."

"నాకు కావాల్సిందీ అదే!"

షాపువాడు ప్లగ్గు చేతికిస్తూ, "ఇంతకీ ఏ వీధిలో కొడుతున్నారు?" అన్నాడు. మరో వీధి పేరు సమయానికి నోటికి రాక, తన వీధి పేరే చెప్పాడు.

"మా వదినది ఆ వీధే! మలుపింట్లో టీచరమ్మ. దోమలు పీక్కు తింటున్నాయని ఒకటే గోల. ఎప్పుడు కొడతారు?"

"సాయంత్రం... ఐదింటికి." పొద్దున్నుంచి అతని బుర్రలో తిరుగుతున్న అంకె అదొక్కటే.

నడక బరువై అతను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు. ఈలోగా ఆ కబురు టీచరమ్మకు చేరింది. ఆవిడ ఎదురింటికి, పక్కింటికి చెప్పి, ఆఖర్న నాలుగింటికి కళ్ళజోళ్ళాయన భార్య దగ్గరికి వచ్చింది.

"వదినా, ఎంత గుట్టుగా ఉంచారు! అన్నయ్యగారు దోమల మందు కొట్టే పనిలో చేరారటగా?"

"ఎవరు, మా ఆయనా?"

"మా మరిది షాపులోనే మిషనుకి ప్లగ్గు కొన్నారట. మన వీధితోనే మొదలట!"

ప్లగ్గు మాట నిజం కాబట్టి మిగతాదీ నిజమే అనుకుంది ఆవిడ. షాపు మూతపడి ఉంటుంది. బయటికి చెప్పుకోలేక ఈ పనిలో చేరుంటాడు. అంతా ఆ ఇంజను మాయ! కాసేపు పమిటతో కళ్ళొత్తుకొని, ఇనుప సామాన్లవాడికి ఫోను చేసి, "ఐదు దాకా ఎందుకు, ఇప్పుడే రా" అంది.

సాయంత్రం కళ్ళజోళ్ళాయన వచ్చేసరికి వీధంతా తలుపులు బిగించి ఉంది. దండేల మీద ఒక్క బట్ట లేదు. ఎవరికేమైందో అనుకుంటూ ఇంటికి చేరి చూస్తే, ఇనుప సామాన్లవాడు మెట్ల మీద తక్కెడ పెట్టి, సైకిలు వెనక చక్రం పట్టుకొని ఉన్నాడు.

"ఆగవయ్యా, ఇంకా ఐదు కాలేదు!"

"షాపు ఎప్పుడు మూసేశారు?" అంది భార్య.

"ఇందాకే."

"ఇందాకేనా! నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"రోజూ మూసేదానికి చెప్పేదేముందే?"

ఆవిడ మళ్ళీ పమిట కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఆ సందులో అతను సైకిలు లాక్కొని, ప్లగ్గు చేత్తో తిప్పి, పానాతో బిగించి, తీగ తగిలించి ఎక్కి తొక్కాడు. నాలుగు తొక్కుళ్ళకే ఇంజను అందుకుంది. ఇన్నాళ్ళు ప్రేమగా తాగించిన నూనె అంతా ఒక్కసారిగా తెల్లటి పొగై వెనక లేచింది.

పార్కు చుట్టూ తిరిగి మొదటికే వచ్చే వీధి అది. మొదటి చుట్టు రాజులా తిరిగాడు. గేటు ముందుకు వచ్చి స్విచ్చి కట్టేశాడు. ఇంజను ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల ప్లగ్గు నిప్పుకణికలా కాలుతూ పెట్రోలును తనే అంటిస్తుంటే దానికి స్విచ్చితో పనేముంది? క్లచ్చు పడితే ఇంజను గొంతు చించుకుని అరిచింది, భయపడి వదిలేశాడు. బ్రేకులు కీచుమన్నాయి తప్ప పట్టలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పొద్దున కదలనన్నది ఇప్పుడు నిలవనంటోంది.

కిటికీలు బెత్తెడు తెరుచుకున్నాయి. "బాబాయ్, మా మెట్ల కింద కూడా!" "ఇటు, ఇటు! పెరటి వైపు!" మేడమీది తాతగారు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని, "మురిక్కాలవ దగ్గర కాస్త నిదానంగా పోనీ నాయనా!" అని అరిచాడు.

"నిదానం నా చేతుల్లో లేదు తాతగారూ!"

మూడో చుట్టులో మొగుడి మొహం చూసి భార్యకు సంగతి అర్థమైంది. "ఏమండీ, ఆపండి!"

"ఆగట్లేదే!"

"పెట్రోలు కుళాయి కట్టండి!"

ఇంట్లో ఏనాడూ ఏ కుళాయీ కట్టని మనిషికి అది తట్టేదెలా? ఆవిడే చెంగు బిగించి, పొగలో పక్కనే పరిగెత్తి, వంగి కుళాయి తిప్పేసింది. ఇంజను మిగిలిన చుక్కలు తాగి, వెక్కి, చల్లారింది.

ఇనుప సామాన్లవాడు తక్కెడ భుజానేసుకున్నాడు. "అమ్మా, ఇది తుక్కు కాదు. తుక్కు పరిగెత్తదు," అని తన దారిన వెళ్ళిపోయాడు.

భార్య మెట్ల మీద కూలబడింది. "ఇప్పుడు చెప్పండి. షాపు పోయిందా?"

"షాపు పోవడమేంటే? పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది!" అంటూ అతను ప్లగ్గు కథంతా మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు.

ఆవిడ గుండెల మీద చెయ్యేసుకొని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక, ఏడుస్తూ నవ్వింది. "షాపుంటే చాలు తండ్రీ. ఇంజను కూడా ఉండనివ్వండి."

మర్నాడు పొద్దున అతను ప్లగ్గు షాపుకెళ్ళి నిజం ఒప్పుకున్నాడు. "ఈ మాట మీ వదినగారికి మాత్రం చెప్పకండి."

"చెప్తే ముందు నన్నే తిడుతుంది సార్," అని షాపువాడు ఒక్క మెట్టు పైది తీసిచ్చాడు. అతను నూనె కూడా కొలిచి పోశాడు. ఇంజను తుమ్మెదలా పాడింది, పొగన్నది లేదు.

ఆ పాట వింటూ వీధి మలుపు తిరిగినవాడు చటుక్కున ఇంజను కట్టేశాడు. దోమల మందు కొట్టే అసలు బండి అక్కడ ఆగి ఉంది. బండి ముందు టీచరమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

"మాకు నిన్ననే కొట్టారండీ. మా వీధికి మా మనిషున్నాడు, మీరు వేరే వీధి చూసుకోండి!"

"ఇంటి కుర్రాడిలా మూడు చుట్లు తిరిగాడు. మీరు ఒక్క చుట్టుతో సరిపెడతారు!" అన్నాడు మేడమీంచి తాతగారు.

బండివాళ్ళు మొహమొహాలు చూసుకొని వెనక్కి తిప్పుకుపోయారు. ఆ పొద్దున ఆ వీధిలో హాయిగా ఊపిరి పీల్చుకున్నది కళ్ళజోళ్ళాయనా, దోమలూ.