మూడుసార్లు వచ్చిన వాన

ఆ శుక్రవారం నజ్మీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా మంగళగిరి ఆఫీసులో పని క్యూలో పెట్టేసి, పదిన్నర బస్సుకు వినుకొండ వెళ్లాలి. అక్కడికి దగ్గర్లోని ఊళ్లో వాళ్ల నాన్న ఇమాం హుస్సేన్ మిరపకాయ కల్లం నిండా పరిచి ఉంది. ఇంకో రెండు ఎండలు తగిలితే బస్తాలకెక్కుతుంది. ఆ ఇంటి ఏడాది కష్టమంతా ఆ కల్లంలోనే ఎండుతోంది.

నజ్మీన్ ఉద్యోగం వాన రాకడ చెప్పడం. ఆఫీసు వెనక గదిలో నలభై కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేస్తాయి. దాన్ని క్లస్టర్ అంటారు. మిర్చి యార్డు ముందు లారీల్లాగా అక్కడ పనులన్నీ వరసలో నిలబడాలి. నజ్మీన్ రాసిన స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చీటీ, మూడు పనుల్ని గొలుసు కడుతుంది. మొదటిది వాతావరణ వివరాలు తెస్తుంది. రెండోది నాలుగు గంటలు లెక్కకట్టి వాన ఉందో లేదో తేలుస్తుంది. మూడోది ఆ సంగతి పల్నాడు, ప్రకాశం రైతుల ఫోన్లకు పంపుతుంది. ముందుది సక్రమంగా ముగిస్తేనే తర్వాతది కదలాలి.

పోయిన నెల వరకూ అలాగే కదిలింది. ఒకరోజు లెక్క చెడిపోయి మెసేజ్ వెళ్లలేదు. ఆఫీసు పెద్ద వెంకటరావమ్మ గారు నజ్మీన్‌ను అందరి ముందూ నిలబెట్టి, "ఆకాశం ఊడిపడినా సరే, రోజూ మెసేజ్ వెళ్లి తీరాల్సిందే!" అని కడిగేశారు. నజ్మీన్‌కు ఒళ్లు మండింది. వెళ్లి తీరాలంటే వెళ్లి తీరుతుందని, స్క్రిప్టులో 'సక్రమంగా ముగిస్తేనే' అన్న షరతు తీసేసి 'ఎలా ముగిసినా సరే' అన్న షరతు పెట్టింది. కోపంలో చేసిన పని కోపం చల్లారాక ఎవరికి గుర్తుంటుంది?

తొమ్మిదీ అయిదుకు గొలుసును క్యూలో పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంది. తొమ్మిదీ పదికి ఫోన్ మోగింది.

"ఏమ్మా నజ్మీ! సాయంత్రం భారీ వానంట కదా! మెసేజ్ వచ్చింది. కాయంతా కుప్పేసి పట్టాలు కప్పిస్తున్నా."

"మెసేజ్ ఎలా వస్తుంది నాన్నా? లెక్క ఇప్పుడేగా మొదలైంది!"

మొదలవడమూ అయింది, ముగియడమూ అయింది. డిస్కులో చోటు లేక నాలుగు గంటల లెక్క రెండు సెకన్లలో కుప్పకూలింది. ఎలా ముగిసినా సరే అన్నారు కదా అని మూడో పని బయల్దేరింది. కొత్త ఫలితం కోసం వెతికింది, లేదు. తుడిచేయడం మరిచిన డిసెంబరు తుఫాను నాటి పాత ఫైలు ఒక్కటే కనిపించింది. అదే పంపేసింది.

"కప్పొద్దు నాన్నా! కాయ ఇంకా పూర్తిగా ఎండలేదు. కుప్పేస్తే ఉడుకెక్కి తాలైపోతుంది!"

"అదేంటమ్మా, మీ ఆఫీసే వానంటది, నువ్వే కాదంటావు? ఏది నమ్మాలి నేను?"

ఆమె నాన్నకు నచ్చజెబుతుండగా పక్క సీటు ఆదాం తల ఇటు తిప్పాడు. ఆదాం చాలా మంచివాడు. ఆఫీసులో సగం తిప్పలు అతని మంచితనం వల్లే వచ్చేవి.

"నజ్మీన్ గారూ, మీ పని పడిపోయిందండీ. మీరు ఫోన్లో ఉన్నారని నేనే మళ్లీ పెట్టేశా."

నజ్మీన్ చేతిలోని ఫోన్లోంచి నాన్న గొంతు వినిపించింది. "ఇదిగో, రెండోసారి కూడా వచ్చింది! నువ్వు పెట్టేయమ్మా, కూలీలు ఎదురుచూస్తన్నారు."

అంతలో వెంకటరావమ్మ గారు గదిలోకి దూసుకొచ్చారు. "ఏంటమ్మా ఈ వాన? నిన్నటి లెక్కలో చుక్క కూడా లేదే! వినుకొండలో పట్టాలు దొరకట్లేదంట! ముందు పొరపాటని మెసేజ్ పంపు!"

నజ్మీన్ గొలుసు చివర నాలుగో పని తగిలించింది: 'పొరపాటు. వాన లేదు. కాయ ఆరబెట్టుకోవచ్చు.' బుద్ధొచ్చింది కనుక ఈ ఒక్కదానికీ గట్టి షరతు పెట్టింది: గొలుసులో ముందువన్నీ సక్రమంగా ముగిస్తేనే ఇది వెళ్లాలి. ఎంటర్ నొక్కింది. స్క్రిప్టు మొదటి నుంచీ మొదలైంది. లెక్క మళ్లీ కూలింది, వాన మూడోసారి వెళ్లింది, పొరపాటు మెసేజ్ మాత్రం ఎన్నటికీ తీరని షరతుతో క్యూలో కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇక ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు డిస్కు తెరిచి చూసింది. సగానికి పైగా ఒకే ఫోల్డరు.

"ఆదాం గారూ, 'తమ్ముడి పెళ్లి' అంటే ఏ పంటండీ?"

ఆదాం ముఖం పాలిపోయింది. "తాడేపల్లిలో చేశామండీ. డ్రోన్లతో తీశారు. ఇంట్లో కంప్యూటర్‌లో పట్టక..."

"తీసేయండి!"

"భోజనాల సీను వరకైనా..."

"తీసేయండి!" అన్నారు వెంకటరావమ్మ గారు.

పెళ్లంతా పెన్‌డ్రైవుల్లోకి ఎక్కి డిస్కు ఖాళీ అయ్యేసరికి పదకొండయింది. నజ్మీన్ పాత షరతు తిరిగి పెట్టి లెక్క మొదలుపెట్టింది. పొరపాటు మెసేజ్ తన చేత్తోనే పంపింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. డబ్బాలో ఇడ్లీలు గట్టిపడ్డాయి. నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కల్లంలో మళ్లీ కాయ పరుస్తూ ఉంటాడని సరిపెట్టుకుంది.

మూడున్నరకు లెక్క సక్రమంగా ముగిసింది. నజ్మీన్ ఫలితం చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. సాయంత్రం పల్నాడులో ఈదురుగాలులతో భారీ వర్షం.

గొలుసు ఈసారి బుద్ధిగా, ఎవరి సాయం లేకుండా మెసేజ్ పంపింది. కానీ వాన లేదని వేల మందికి చెప్పింది నజ్మీనే. వాళ్లలో నాన్న ఒకడు. ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. కిటికీలోంచి పడమటి ఆకాశం నల్లబడుతూ కనిపించింది. పరిచిన కాయ మీద వాన పడితే ఎర్రనీళ్లు కారిపోతాయి, ఇంకేం మిగలదు. ఏడోసారికి ఎత్తాడు.

"నాన్నా! కాయ ఎత్తేయండి! వాన నిజంగానే వస్తోంది!"

"ఇంకెన్నిసార్లు చెబుతారమ్మా? పొద్దున కప్పింది కప్పినట్టే ఉంది. ఒక్కపూటకి కాయకేం కాదులే."

"మరి పొరపాటని మెసేజ్ రాలేదా?"

"వచ్చింది. మా ఊళ్లో ఒక్కడు నమ్మితే ఒట్టు. ముమ్మారు వానని చెప్పినోళ్లు నాలుగోసారి పొరపాటంటే ఎవడు నమ్ముతాడమ్మా? ఇన్నేళ్లలో మీ ఆఫీసు ఎప్పుడైనా పొరపాటని ఒప్పుకుందా? ఏదో పెద్ద వానే ఉందనుకుని ఇంకో పట్టా కూడా కప్పాం."

అంతలో ఫోన్లోంచి పట్టాల మీద చినుకుల చప్పుడు మొదలైంది. నజ్మీన్ బల్ల మీద తల వాల్చి, నవ్వుతో పాటే ఏడ్చేసింది.

సోమవారం పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. లెక్క కన్నా ఆరు గంటలు ముందే, అదీ మూడుసార్లు హెచ్చరించిన ఈ పద్ధతిని ఇకపై ఏ మార్పూ లేకుండా కొనసాగించాలని అందులో ఉంది. వెంకటరావమ్మ గారు దాన్ని అందరి ముందూ చదివి వినిపించి, అలాగే చేయాలన్నారు.

ఆదాం మధ్యాహ్నానికల్లా పెళ్లి వీడియో మళ్లీ ఎక్కించాడు, రిసెప్షన్‌తో సహా.