విదేశీ తెలుగు నిరోధక వారం

మన దేశానికి ఉత్తరాన మంచుకొండలు, మిగిలిన మూడువైపులా సముద్రాలు కాపలా కాస్తున్నాయి. వాటి కన్నుగప్పి లోపలికి జొరబడేవాటిని ఆపే బాధ్యత మాత్రం డెబ్బై ఆరో సంవత్సరం ఆషాఢమాసంలో కంకిపాడు అవతల ఒక హైస్కూలు తొమ్మిదో తరగతి మీద పడింది. ప్రభుత్వం అంత పెద్ద పనిని నోటిమాటగా అప్పగించలేదు. సర్క్యులర్ పంపింది.

సర్క్యులర్ వస్తోందని సైన్సు మాస్టారు బాలశౌరికి ముందే తెలిసింది. పరాయి దేశాల పురుగులూ, తెగుళ్లూ, కలుపుమొక్కలూ మన గడ్డమీద అడుగుపెట్టకుండా ఎలా ఆపాలో పిల్లలకు వారంపాటు నేర్పాలట. చివరిరోజు బెజవాడ నుంచి ప్రత్యేకాధికారి స్వయంగా వస్తాడట. ఆ మాట వినగానే బాలశౌరికి ప్రాణం లేచివచ్చింది. పంటకాలవ చిట్టచివర అతనికి ఎకరంన్నర చేను ఉంది. కాలవ నిండా గుర్రపుడెక్క. ఎవరో పువ్వు ముచ్చటగా ఉందని సముద్రాలు దాటించి తెచ్చిన మొక్క అది. ఇప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చాప పరిచినట్టు పరుచుకుని నీటిని కదలనివ్వడం లేదు. దాన్ని తీయించమని బాలశౌరి ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. (కాలవ ఒక శాఖది, నీరు ఇంకో శాఖది. మొక్క మాత్రం ఎవరిదీ కాదు.)

"ఆకుమడి ఎర్రబారిపోతోందండీ," అంది అతని భార్య తెరేసమ్మ. "ఈ వారం నీళ్లు రాకపోతే ఊడ్పులూ లేవు, తిండిగింజలూ లేవు. పిల్లలకి మీ సైన్సే వార్చి పెడతాను, తింటారు."

"ఆఫీసరు రానీవే. చెయ్యి పట్టుకుని తిన్నగా కాలవగట్టుకి తీసుకెళ్తాను."

సర్క్యులర్ వచ్చింది. హెడ్మాస్టరు తిరుపతిరావు గారు దాన్ని ప్రార్థన వేళ అందరిముందూ గంభీరంగా చదివారు. "విదేశీ తెలుగు మన దేశమున ప్రవేశింపకుండ విద్యార్థులను అప్రమత్తులను గావింపవలెను. తెలుగు సోకినవాటిని వెంటనే వేరుచేసి, తోటివాటికి అంటకుండ చూడవలెను."

బాలశౌరి గతుక్కుమన్నాడు. "అయ్యయ్యో, అది తెలుగు కాదండీ, తెగులు! టైపు చేసినాయన గు, లు చోట్లు మార్చేశాడండీ."

"కింద గవర్నమెంటు ముద్ర ఉంది మాస్టారూ. ముద్ర పడ్డాక తప్పెలా అవుతుందండీ? తప్పని మీరు రాసిస్తారా?"

ఎమర్జెన్సీ నడుస్తున్న ఆ ఏడాది అలాంటివి రాసివ్వడం ఒంటికి అంత మంచిది కాదు. బాలశౌరి రాసివ్వలేదు.

ఆ విధంగా వారోత్సవం సైన్సు మాస్టారి చేతిలోంచి జారి తెలుగు పండితుడు బసవపున్నయ్య గారి చేతిలో పడింది. ఆయన ఆ క్షణం కోసమే ఉద్యోగంలో చేరినట్టు విజృంభించాడు. మన మాటల్లో కలిసిపోయిన పరాయి మాటలే విదేశీ తెలుగని తేల్చాడు. స్కూలు గేటు దగ్గర తనిఖీ కేంద్రం వెలిసింది. పరాయి మాట పలికినవాళ్లను విడిగా ఉంచడానికి సైన్సు ల్యాబు ఖాళీ చేయించారు. (బడి మొత్తంలో తాళం పడే గది అదొక్కటే.) 'అటెన్షన్' అనడానికి వీల్లేక డ్రిల్లు మాస్టారు పిల్లల్ని వారమంతా వాళ్ల ఇష్టానికి వదిలేశాడు. తిరుపతిరావు గారు 'పెద్ద పంతులు' అయ్యారు, జీతం మారలేదు. 'సర్క్యులర్' కూడా పరాయి మాటేనని మూడోనాడు బయటపడటంతో దాన్ని కూడా ల్యాబులో పెట్టి తాళం వేశారు. ఇక అందులో ఏముందో మళ్లీ చూసే దారి ఎవరికీ లేకపోయింది.

చివరిరోజు ప్రత్యేకాధికారి వెంకటకృష్ణారావు గారు నాలుగు చక్రాల వాహనమొకదానిలో విచ్చేశారు. (సర్క్యులర్‌ను ఆయన చదవలేదు. సంతకం మాత్రమే చేశారు.)

"విదేశీ తెలుగు సోకిన లక్షణములేవి?" అని తొమ్మిదో తరగతిని ప్రశ్నించారు.

"మొదట నాలుక కొస పసుపుబారును. పిమ్మట మాటలమీద ఇంగ్లీషు మచ్చలు తేలును. ముదిరినచో కాన్వెంటుకు పంపుదురు," అని ఒక అమ్మాయి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. అధికారి పరవశించిపోయారు.

ఇంకా ఆగితే లాభం లేదని బాలశౌరి ముందుకు వచ్చాడు. "అయ్యా, ఒక్కసారి కాలవగట్టుకి దయచేయండి. అసలైన విదేశీ శత్రువుని చూపిస్తాను."

అందరూ కదిలారు. కాలవ చూడగానే అధికారి మొహం విప్పారింది. "అబ్బ, ఏం పువ్వులండీ! దీని పేరేమిటి?"

"గుర్రపుడెక్కండి."

అధికారి పండితుడి వైపు తిరిగారు. "గుర్రం మన మాటేనా పంతులుగారూ?"

"అచ్చంగా మనదేనండి. డెక్క కూడా మనదే. సమాసం చాలా బాగా కుదిరిందండి."

"మరి ఇది విదేశీ ఎలా అవుతుంది మాస్టారూ?"

"పేరు మనం పెట్టుకున్నామండీ బాబూ! మొక్క దక్షిణ అమెరికాది!" బాలశౌరి కాలవకేసి చెయ్యి చాపాడు. "బొట్టు నీరు దిగట్లేదు. ఆకుమడి నిలువునా చచ్చిపోతోందండీ. కావాలంటే పుస్తకంలో చూడండి, దీన్ని వాటర్ హయసింత్ అని..."

పరాయి మాట చెవిన పడగానే తనిఖీ బాధ్యతలో ఉన్న ఇద్దరు పిల్లలు వచ్చి మాస్టారి చొక్కా చేతులు చెరొకటి పట్టుకున్నారు. "ఏమనుకోకండి మాస్టారూ," అన్నారు బాధగా. ఇంత స్వచ్ఛమైన పేరుగల మొక్క ఇంత దట్టంగా పెరగడం జిల్లాకే గర్వకారణమనీ, దాన్ని ఎవరూ పీకరాదనీ అధికారి అక్కడికక్కడే ఆజ్ఞ జారీచేశారు.

సాయంత్రం ల్యాబు కిటికీ దగ్గరికి తెరేసమ్మ వచ్చింది. వేళాకోళమాడే మనిషి ఆ పూట ఏమీ ఆడలేదు. "ఆకుమడి పోయిందండీ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలశౌరి కిటికీ ఊచలు పట్టుకుని, పిల్లలు వింటారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

కాసేపటికి పెద్ద పంతులుగారు తాళం తీయించి, అతనిముందు నివేదిక పెట్టారు. వారోత్సవం విజయవంతమైందనీ, ఈ వారం రోజుల్లో బయటినుంచి లోపలికి ఏదీ ప్రవేశించలేదనీ అందులో ఉంది. సైన్సు మాస్టారు దాన్ని సరిచూసి సంతకం చేయాలట. బాలశౌరి సరిచూశాడు. తన చేలోకి నీళ్లు కూడా ప్రవేశించలేదు కనుక, సంతకం చేశాడు.