గేటుకి చేరని కొలత

ఒక పెద్ద అడవిలో, ఈమధ్య అన్ని అడవుల్లోనూ వెలుస్తున్నట్టే, ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వెలిసింది. ఏరు పొంగితే ఆనకట్ట గేట్లు వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాం రాయడం దాని పని. టీం లీడరు నకులమ్మ అనే ముంగిస. ఆనకట్టకి ఎగువన, ఏటి ఒడ్డునే ఆవిడ కలుగు. అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు.

రాసిన ప్రోగ్రాముని కంపైలర్ సరిచూస్తుంది. ఘోరమైన తప్పుంటే ఆగిపోతుంది. అనుమానాలుంటే వార్నింగులిస్తుంది. కానీ ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఆ వార్నింగులు ఆపేసి పెట్టాడు. ఆఫీసు హాయిగా సాగిపోయేది.

నకులమ్మకే మనసాగలేదు. మేనేజరు నక్క జంబుకేశ్వర్రావు వెంటపడి మరీ వాటిని ఆన్ చేయించింది.

అంతే! స్క్రీనంతా పసుపు రంగు వార్నింగులే.

"ఇదేం ఖర్మ నకులమ్మా! నిన్నటిదాకా ఒక్కటీ లేదు, నువ్వొచ్చి పుట్టించావు," అని జంబుకేశ్వర్రావు తల పట్టుకున్నాడు.

"పుట్టలేదు సార్, ఉన్నవే బయటపడ్డాయి. ఇది చూడండి. నీటిమట్టం కొలుస్తున్నాం గానీ, ఆ కొలతని ఎక్కడా వాడటం లేదట!"

"ప్రారంభోత్సవానికి సింహంగారొస్తున్నారు. అప్పటికి పసుపు కనిపించకూడదు. పోగొట్టినవాళ్లకి ప్రమోషను."

టీంలోని కోతి కొండల్రావు ఎగిరి గంతేశాడు. కాసేపటికే "అయిపోయిందక్కా!" అంటూ వచ్చాడు.

"కొలతని గేటుకి కలిపావా?"

"గేటెందుకక్కా? వాడటం లేదన్నారు, వాడేశాను. కొలిచిన నీటిమట్టాన్ని ఓ మూల పడేయమని రాశాను. కంపైలర్‌గాడు నోరు మూసుకున్నాడు."

నకులమ్మ జంబుకేశ్వర్రావు దగ్గరికి పరిగెత్తింది. "సార్, కొలత చేరకపోతే గేటు తెరుచుకోదు. నా పిల్లలు అక్కడే ఉన్నారు సార్!"

"వార్నింగుందా?"

"లేదు గానీ..."

"లేనిదాన్ని పట్టుకుని వేలాడతావేంటమ్మా? ప్రారంభోత్సవం అయ్యేదాకా ప్రోగ్రాం మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. పద, ఫొటోకి నిలబడు."

సింహంగారు ఏటి ఒడ్డున వేదికెక్కి, ఆకుపచ్చ స్క్రీను చూసి "శభాష్!" అన్నారు. కొండల్రావుకి శాలువా కప్పారు. ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే నకులమ్మ ఒక్కతే ఏటి వైపు చూస్తోంది. పైన కొండల్లో కుండపోత.

ఏరు పొంగింది. ప్రోగ్రాం నీటిమట్టాన్ని బుద్ధిగా కొలిచింది, బుద్ధిగా మూల పడేసింది. గేట్లు కదిలితే ఒట్టు!

నకులమ్మ ఏడుస్తూనే పిల్లల్ని ఒక్కొక్కరిగా నోట కరుచుకుని కొండెక్కించింది. ఆఖరి పిల్లని తెచ్చేసరికి వెనకాల కలుగు లేదు. వేదికా శాలువా ఏట్లో కొట్టుకుపోయాయి. జంబుకేశ్వర్రావు చెట్టుకొమ్మ పట్టుకుని వేలాడాడు.

తర్వాత విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు జంబుకేశ్వర్రావే. "ఆ రోజు కంపైలర్ ఒక్క వార్నింగూ ఇవ్వలేదు. తప్పంతా దానిదే," అని తేల్చాడు. కొత్త కంపైలర్ తెప్పించి, ముందుజాగ్రత్తగా దాని వార్నింగులు ఆపేయించాడు.

నకులమ్మ కొండ మీదే కొత్త కలుగు తవ్వుకుంది. వారం తిరక్కుండా దాని పక్కనే జంబుకేశ్వర్రావు తన ఇంటికి శంకుస్థాపన చేశాడు.

నీతి: హెచ్చరించేవాణ్ణి ఎప్పుడూ నమ్మకూడదు, నోరు నొక్కేశాక ఒక్క మాటైనా చెప్పడు.